ఒక్కసారే అడిగిన కాగితం

ఏప్రిల్ 14, 1997, సోమవారం

సరస్సు మీద మంచు ఇంకా ఉంది, కానీ దాని మీద నడిచేవాళ్ళు మానేశారు.

కాగితం వచ్చింది. సెప్టెంబరు ఒకటి నుంచి కువోపియో రాష్ట్రం ఉండదు. మమ్మల్నీ, యోయెన్సూ వాళ్ళనీ, మిక్కెలి వాళ్ళనీ కలిపి తూర్పు ఫిన్లాండ్ అని ఒకే పెద్ద రాష్ట్రం చేస్తున్నారు. ప్రధాన కార్యాలయం మిక్కెలిలో. ఇక్కడ, కువోపియో ఊళ్ళో, చిన్న శాఖ మిగులుతుంది. మా ఉత్తరాల విభాగంలో ఉన్నది ముగ్గురం, నేనూ, హెల్వీ, మర్యుక్కా. ఇద్దరు ఇక్కడే ఉండొచ్చు, ఒకరు మిక్కెలి వెళ్ళాలి. ఎవరికెక్కడ కావాలో రాసివ్వమన్నారు.

కాఫీ గదిలో అదే మాట. హెల్వి తనకెక్కడైనా ఒకటేనంది. వాళ్ళాయనకి మోకాలి ఆపరేషనైంది, ఆవిడ ఊరు కదిలే ప్రసక్తే లేదని అందరికీ తెలుసు. మర్యుక్క కూడా ఎక్కడైనా సరే అంది, కప్పులోకి చూస్తూ. దానికి ముప్పై నాలుగేళ్ళు, మిక్కెలి పక్కనున్న యువా అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. నేనూ ఎక్కడైనా సరే అన్నాను. అలా అనుకున్నాక పళ్ళెంలో మిగిలిన ఒక్క యాలకుల బన్నునీ ఒకరి వైపు ఒకరం జరుపుకున్నాం. చివరికి హెల్వి దాన్ని కాగితంలో చుట్టి బీరువాలో పెట్టింది.

ఏప్రిల్ 15, మంగళవారం

నింపి ఇచ్చేశాను. 'కోరుకునే చోటు' అన్న గీత మీద, 'ఎక్కడైనా సరే, ముందు మిగతావారి సౌకర్యం చూడండి' అని రాశాను. చేతిరాత కుదిరింది. మనసు తేలికపడింది. నాకిది కావాలి అని దేవుడి దగ్గరే నోరు తెరవని దాన్ని, ప్రభుత్వం దగ్గర తెరుస్తానా?

ఎలాగూ మళ్ళీ అడుగుతారు. అప్పుడు చెప్పొచ్చు.

ఏప్రిల్ 22

అడగలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

అడగలేదు. రేపు మే పండుగ కదా, పై వాళ్ళు పనుల్లో ఉంటారు. నిమ్మ పానకం సీసాల్లో పోశాను. ఎండు ద్రాక్షలు పైకి తేలాయి, తయారైనట్టే.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన సమావేశం. పదకొండుమంది వచ్చారు. పాటలు నిదానంగా సాగాయి, మేలుకొన్నవాళ్ళని పేరున్న మా భక్తుల పాటలు సాగవలసినట్టే. పన్నెండో మనిషి తవునో. మా ఆఫీసు కాపలా, మరమ్మతులు అన్నీ ఆయనే. భార్య పోయి ఆరేళ్ళయింది. ఫిబ్రవరిలో మా గుమ్మం కీలు చూడ్డానికని వచ్చి, అప్పట్నుంచి ప్రతి బుధవారం అదే కీలు చూసి తలుపు పక్క స్టూలు మీద కూర్చుంటున్నాడు. పాడడు. పుస్తకం మాత్రం సరైన పేజీలోనే తెరిచి ఉంటుంది.

మే 15, గురువారం

నాకు మిక్కెలి.

సంతోషమే. ఇది నా ఎంపిక కాదు కాబట్టి పైవాడి ఎంపికే అయుండాలి.

ఉత్తరం కింద సంతకం ఎక్‌హోల్మ్ అని. సిబ్బంది వ్యవహారాలు చూడ్డానికి తుర్కు నుంచి మిక్కెలికి వచ్చినావిడ. సముద్రం పక్కవాళ్ళు, అన్న మాట అన్నట్టే తీసుకుంటారు. 'ఏ చోటైనా అభ్యంతరం లేదన్న మీ ఔదార్యానికి కృతజ్ఞతలు' అని రాసింది. చాలా మర్యాదైన ఉత్తరం. నాలుగుసార్లు చదివాను.

మధ్యాహ్నం తవునో దీపం మార్చడానికి వచ్చాడు. దీపం బాగానే ఉంది. సంగతి చెప్పాను. నిచ్చెన మీద నుంచే, "మనం మూడోసారికి గానీ ఔననం కదా, తువోవినెన్," అన్నాడు. నన్నాయన ఇరవయ్యేళ్ళుగా ఇంటిపేరుతోనే పిలుస్తాడు. "కాఫీకి రెండుసార్లు వద్దంటాం, మూడోసారి అర కప్పంటాం. అర కప్పంటే రెండు కప్పులని పోసేవాళ్ళకి తెలుసు. ఆ కాగితం ఒక్కసారే అడిగింది."

నాకు నిజంగానే ఎక్కడైనా ఒకటేనన్నాను.

"అలాగే ఉంటుందిలే," అన్నాడు. "మిక్కెలిలో కూడా మనుషులుంటారట."

మే 16, శుక్రవారం

హెల్వి నా మొహం చూడలేకపోతోంది. మర్యుక్క అసలు కాఫీకే రాలేదు. నావల్ల వాళ్ళు బాధపడకూడదు. అందుకని మిక్కెలి చాలా బాగుంటుందన్నాను. చర్చి పెద్దది, గాలి పొడిగా ఉంటుంది, రైలు సరిగ్గా వస్తుంది. బజారు మైదానం కూడా మనదానికన్నా చదునుగా ఉంటుందన్నాను. అది అనకుండా ఉండాల్సింది, మన బజారంటే ఊరందరికీ ప్రాణం, హెల్వి నొచ్చుకుంది.

మే 23, శుక్రవారం

మా అధికారి పార్కినెన్ పిలిచాడు. ఆగస్టు 29న, ఆఖరి పనిరోజున, రాష్ట్రానికి వీడ్కోలు కాఫీ పెడుతున్నారట. రాష్ట్రం చరిత్రని ఎవరైనా పావుగంటలో చదివి వినిపించాలి. నన్ను రాయమన్నాడు. నాకు చదువు లేదన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ రాష్ట్రానికి వచ్చిన ప్రతి ఉత్తరం నీ చేతి మీదుగానే పోయింది కదా అన్నాడు. నాకు గొంతు లేదన్నాను. మైకు పెట్టిస్తానన్నాడు. మూడోసారి అడిగినప్పుడు, అంతగా అంటున్నారు కాబట్టి ఓ నాలుగు ముక్కలు రాస్తానన్నాను.

పార్కినెన్ ఈ ఊరివాడే. అతనితో ఏ ఇబ్బందీ లేదు.

జూన్ 5, గురువారం

నేలమాళిగ ఖాళీ చేస్తున్నారు. పాత దస్తరాలన్నీ ఎప్పుడో ఆర్కైవుకి వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక చెక్క బీరువా, దాన్లో అతుక్కుపోయిన కట్టలు. చరిత్రకి పనికొస్తాయేమోనని నన్ను చూడమన్నారు. తవునో బల్ల, దీపం, రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. ఒక్కటి చాలన్నాను.

"మా ఇంట్లో కూడా అదే తంటా," అన్నాడు. "కుర్చీలు నాలుగు. మూడింటికి పని లేదు."

చర్చి వాళ్ళు వచ్చే నెల పాత సామాను అమ్మకం పెడుతున్నారు, ఇచ్చెయ్యమని చెప్పాను. దీపం కొంచెం నా వైపు జరిపి వెళ్ళిపోయాడు.

జూన్ 12, గురువారం

1775 దాకా వచ్చాను, అంటే మొదటికి వచ్చాను. స్వీడన్ రాజు సవో, కరేలియా కలిపి ఒక రాష్ట్రం చేసి, కువోపియోని దానికి ముఖ్యపట్నం చేశాడు. నేను రాసింది: 'అప్పటికిక్కడ ఉన్నవి ఒక చర్చి, కొన్ని ఆవులు, చాలా అభిప్రాయాలు.' కొట్టేశాను. మళ్ళీ రాశాను.

తవునో ఈ ఏడాది బంగాళాదుంపలు ఎక్కువ వేశాడట. ఒక మనిషికి చాలా ఎక్కువ, ఇద్దరికైతే సరిగ్గా సరిపోతాయి అన్నాడు. వచ్చే ఏడాది తక్కువ వెయ్యమన్నాను.

జూన్ 21, మిడ్‌సమ్మర్

వాన. సరస్సు ఒడ్డున పండుగ మంట అంటుకోలేదు. అందరూ హాయిగా నవ్వుకున్నారు. వచ్చే ఏడాది నేను ఇది మిక్కెలిలో చూస్తాను. అక్కడా వానే పడుతుంది.

జూలై 7, సోమవారం

మేలుకొన్నవాళ్ళ వేసవి ఉత్సవం నుంచి నిన్న వచ్చాను. మూడు రోజులు పచ్చిక మీద బల్లలు, వేలమంది, ఒకే రాగం. ఒక ముసలి పాదిరి, నాకేమీ వద్దు అనడంలో కూడా గర్వం దాక్కోగలదు అన్నాడు. ఎవరి గురించో అనుకున్నాను. ముందు వరసలో హెల్వి వదిన ఉంది.

జూలై 10, గురువారం

మిక్కెలి వెళ్ళి అద్దె ఇల్లు చూసొచ్చాను. మంచి ఇల్లు. కిటికీలోంచి గోడ కనిపిస్తుంది. గోడ శుభ్రంగా ఉంది. ఇంటావిడ ఎక్కువ మాట్లాడదు. కింద రొట్టెల కొట్టు ఉంది. మన కలకుక్కో దొరుకుతుందా అంటే, చేపల్ని రొట్టెలో పెట్టి రాత్రంతా కాల్చే ఓపిక మాకు లేదమ్మా అన్నాడు కొట్టతను. నిజాయితీగల మనిషి.

రైల్లో ఏడవలేదు. కళ్ళలో ఎండ పడింది.

జూలై 11, శుక్రవారం

మిక్కెలి ఇల్లు ఎంత బాగుందో కాఫీ గదిలో అరగంట చెప్పాను. మర్యుక్క మధ్యలో లేచి వెళ్ళిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డి పూసే కాలం, దానికి పడదు. పాపం వాళ్ళాయనకి మే నెల నుంచి మిక్కెలిలోనే పని, బస్సుల షెడ్డులో. శుక్రవారం వస్తాడు, ఆదివారం పోతాడు. నేను అక్కడికి వెళ్ళాక అప్పుడప్పుడు అతనికి భోజనం పెడతానని దానికి చెప్పాలి.

జూలై 24, గురువారం

1831. దక్షిణపు ఊళ్ళు కొన్ని తీసుకుని మిక్కెలి రాష్ట్రం వేరుపడింది, మిగిలిన మనకి కువోపియో రాష్ట్రమని పేరొచ్చింది. 1960లో తూర్పున ఉత్తర కరేలియా వేరుపడింది. అంతకుముందు 1809లో స్వీడన్ రాజు పోయి రష్యా చక్రవర్తి వచ్చాడు. నాకు దొరికిన కాగితాల్లో కువోపియో ఎక్కడా గట్టిగా వద్దన్నట్టు లేదు. అని ఉంటుందేమో, నాకు దొరకలేదు. తవునోకి చదివి వినిపిస్తే, "తీసుకోండి, తీసుకోండి, మాకెందుకు అని ముక్కముక్కా ఇచ్చేసిన రాష్ట్రమన్నమాట," అన్నాడు. "ఇలాంటి మనిషి నాకొకరు తెలుసు."

ఎవరని అడిగితే, నేలమాళిగలో చెమ్మ ఎక్కువగా ఉంది, పైకెళ్దామన్నాడు.

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ తవునో కలకుక్కో తెచ్చాడు. తనే కాల్చాడట. రై పిండి పైపెచ్చు కొంచెం మాడింది, లోపల చిన్న చేపలు, పంది కొవ్వు సరిగ్గా కుదిరాయి. ఇద్దరు మనుషులకి పట్టే సైజు. సగం హెల్వికిచ్చాను. తెలిసి ఆయన రెండు రోజుల పనిని ఒక పూటలో చేసేశాడు. మెట్లన్నీ కడిగాడు.

ఆగస్టు 12, మంగళవారం

ఒకటి దొరికింది. బీరువా అడుగున, వేరే కట్టకి అంటుకుని. 1868 ఫిబ్రవరి. కరువు కాలం. జనం చెట్టు బెరడు కలిపి రొట్టెలు కాల్చుకున్న ఏళ్ళు. ఉత్తరానికి మొదట్లో మామూలుగా ఉండే వంగి వంగి చేసే మర్యాదల్లేవు. చేతిరాత ఊరి గుమాస్తాదయ్యుంటుంది, మాటలు మాత్రం గుమాస్తావి కావు:

'నేను హెద్వి, పెక్కా కూతుర్ని. మొగుడు పోయాడు. నాకు విత్తనానికి మూడు కుంచాల రై కావాలి. మంచు కరిగేలోపు కావాలి. తర్వాత ఇస్తే నాకక్కర్లేదు.'

అంతే. పక్కన మరెవరిదో చేతిరాత: 'ఇవ్వాలి.'

ఎంత మొహమాటం లేని మనిషి. నేనైతే 'తమ దయ ఉంటే, మిగతావారందరికీ అందాక' అని రాసేదాన్ని. నాకు విత్తనం జూలైలో అందేది.

ఆగస్టు 13

హెద్వి ఉత్తరం చరిత్రలో పెట్టకూడదు. మరీ కటువుగా ఉంది.

ఆగస్టు 19, మంగళవారం

పెట్టాను.

ఆగస్టు 20, బుధవారం

ఇది మా ఇంట్లో ఆఖరి బుధవారం సమావేశం. వచ్చే వారం నుంచి హెల్వి వదిన ఇంట్లో పెట్టుకుంటారు. అందరూ వెళ్ళాక తవునో గుమ్మం కీలు మళ్ళీ చూశాడు. కీలుకి ఏమీ కాలేదని అప్పటికి నాకు తెలుసు, తనకీ తెలుసు. "మిక్కెలి తలుపులు ఎలా ఉంటాయో," అన్నాడు. బాగుంటాయన్నాను. అక్కడివి కిర్రుమనవన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఇంతకాలం మిక్కెలిని పొగుడుతూ పొగుడుతూ ఆగడం చేతకాకుండా పోయింది.

టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, "నీకంత ఇష్టమైన ఊరికి నేను అడ్డం రాకూడదు," అని వెళ్ళిపోయాడు.

అంత సూటి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఆగస్టు 21

నాకు కువోపియోలో ఉండాలని ఉంది.

ఇక్కడ రాస్తే తప్పులేదు. ఎవరూ చదవరు.

ఆగస్టు 27, బుధవారం

ఎక్‌హోల్మ్ శుక్రవారం వీడ్కోలు కాఫీకి వస్తోందట. బదిలీ కాగితాల మీద అక్కడే ఆఖరి సంతకాలు. ఆ తర్వాత మార్పుల్లేవని రాసింది. ఇక అయిపోయినట్టే. అద్దెకి ఒప్పుకున్న ఇంటి తాళం సోమవారం ఇస్తారు.

ప్రార్థన చేశాను. నాకేమీ వద్దు అని మొదలుపెట్టి ఆగిపోయాను. అది అబద్ధం. అబద్ధంతో మొదలుపెట్టిన ప్రార్థన ఎంతదూరం పోతుంది? ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరికే కూర్చున్నాను. అదీ వినే ఉంటాడు.

ఆగస్టు 29, శుక్రవారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

మేలుకొన్నవాళ్ళ పద్ధతిలో నల్ల గౌను వేసుకున్నాను, పాపిట మధ్యలో తీశాను. హాల్లో నలభైమంది దాకా ఉన్నారు. కిటికీ పక్క బల్ల మీద ఏడు రకాల పిండివంటలు, మూడు పెద్ద కాఫీ పాత్రలు. ఎవరూ బల్ల దగ్గరికి వెళ్ళలేదు, అందరూ గోడలకి ఆనుకుని నించున్నారు. పార్కినెన్ రండి రండి అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి చరిత్ర అయ్యాక పిలుస్తానన్నాడు. ఎక్‌హోల్మ్ ఒక్కతే మొదటిసారికే వెళ్ళి కప్పు నింపుకుని, చుట్టూ చూసి, ఏం తప్పు చేశానా అన్నట్టు నించుంది. నలభై ఏళ్ళుంటాయి, నీలం జాకెట్టు, చలాకీ మనిషి. చెడ్డది కాదు.

తవునో మైకు నా ఎత్తుకి దించాడు. నా వైపు చూడలేదు.

చదివాను. ఆవులకీ అభిప్రాయాలకీ నవ్వారు. మిక్కెలి వేరుపడ్డ దగ్గర హెల్వి గట్టిగా దగ్గింది, అందరూ మళ్ళీ నవ్వారు. కరువు దగ్గరికొచ్చేసరికి నవ్వులు ఆగాయి. హెద్వి ఉత్తరం చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. 'తర్వాత ఇస్తే నాకక్కర్లేదు' అన్న చోట వెనక ఎవరో ముసలాయన, అలా ఉండాలి అన్నాడు.

ఆఖరి వాక్యం ఇలా రాసుకున్నాను: 'మనకి ఇచ్చిన చోటికి మనం సంతోషంగా వెళ్దాం.' 'మనకి ఇచ్చిన' దాకా చదివాను. తర్వాతి మాటలు కాగితం మీద కనిపిస్తూనే ఉన్నాయి. నోరు రాలేదు. అయిపోయిందనుకుని ఎక్‌హోల్మ్ చప్పట్లు కొట్టింది, అందరూ కొట్టారు. ఆవిడ పూలగుత్తి పట్టుకుని నేనున్న చోటికొచ్చి చెయ్యి కలిపింది.

"చాలా బాగా రాశారు. సోమవారం మిక్కెలిలో కలుద్దాం. మీ అంతట మీరే రావాలనుకున్నందుకు మాకెంతో సంతోషం."

అలా అనకుండా ఉంటే ఊరుకునేదాన్నేమో. మీరే రావాలనుకున్నారు అంది. అనుకోలేదు.

"నాకు కువోపియోలో ఉండాలని ఉంది," అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ మైకు నా ఎత్తుకే ఉంది.

ఎక్‌హోల్మ్ పూలు నాకివ్వబోయి తన దగ్గరే పట్టుకుని నించుంది. "మరి మీరు కాగితంలో ఎక్కడైనా సరే అని రాశారు కదండీ?"

నా బదులు వెనక నుంచి హెల్వి చెప్పింది. "అమ్మా, మా వాళ్ళని ఇంకో రెండుసార్లు అడగాలి."

హాలంతా నవ్వింది, కోపంలేని నవ్వు. తుర్కు ఆవిడ కూడా నవ్వింది, కానీ తల అడ్డంగా ఊపింది. లెక్క ప్రకారం ఇక్కడ రెండే చోట్లు, ఒకరు వెళ్ళక తప్పదు, నా బదులు ఎవరినైనా బలవంతంగా పంపడం తనవల్ల కాదంది. నాకు సిగ్గేసింది. నా మూలంగా ఇంకొకరు. వెంటనే పరవాలేదు, నేనే వెళ్తాను అనబోయాను, సగం అనేశాను కూడా.

అప్పుడు బల్ల పక్క కప్పు సాసర్లో టక్కున పెట్టిన చప్పుడు. మర్యుక్క.

"నోరు మూసుకో రౌహా," అంది. నన్నలా ఎవరూ ఎప్పుడూ అనలేదు. "నాలుగు నెలల నుంచి మిక్కెలి గాలి, మిక్కెలి చర్చి, మిక్కెలి గోడ అంటూ చంపుకు తిన్నావు. మా ఆయన అక్కడున్నాడు, మా అమ్మ పక్క ఊళ్ళో ఉంది. నీకంత ఇష్టమైన చోటు నీ దగ్గర్నుంచి ఎలా లాక్కోను? నాకు మిక్కెలి కావాలి." చివరి మాట అన్నాక తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను మర్యుక్కని చూశాను, మర్యుక్క నన్ను చూసింది. గడ్డి పూసే కాలం ఎప్పుడో అయిపోయింది.

ఎక్‌హోల్మ్ అక్కడే సంచీలోంచి కాగితాలు తీసి, రెండు పేర్లు కొట్టేసి, అటుదిటు ఇటుదటు రాసింది. పార్కినెన్ సంతకం పెట్టాడు. నా దగ్గర పెట్టే ముందు ఆవిడ నా కళ్ళలోకి చూసి, "ఖాయమేనా?" అంది. ఔనన్నాను. "ఖాయమేనా?" అంది మళ్ళీ. ఔనన్నాను. మూడోసారీ అడిగింది. తెలివైన మనిషి, మా వైపు బతికేస్తుంది.

తర్వాత పార్కినెన్ మూడోసారి రండి అన్నాడు. అందరూ ఒక్కసారి కాఫీ మీద పడ్డారు. నేను మూడు కప్పులు తాగాను, నిండుగా.

తవునో మైకు తీగ చుడుతూ కనిపించాడు. చుట్టిన తీగనే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

ఆగస్టు 30, శనివారం

మిక్కెలి ఇంటావిడకి ఫోన్ చేశాను. ఇల్లు వద్దన్నాను, మర్యుక్క నంబరిచ్చాను. మర్యుక్కకి గోడతో పేచీ లేదట. మా ఆయన ఆర్వో సమాధి మీద పూలకి నీళ్ళు పోసి సంగతంతా చెప్పాను. పోయి పదకొండేళ్ళయినా ఆయనకి చెప్పకుండా నేనేదీ చెయ్యను. తవునో గురించి కూడా చెప్పాను, చెప్పడానికి ఇంకా ఏమీ లేకపోయినా.

ఆగస్టు 31, ఆదివారం

రాష్ట్రానికి ఇదే ఆఖరి రోజు. చర్చి నుంచి వస్తుంటే ఆఫీసు గుమ్మం దగ్గర నిచ్చెన కనిపించింది. తవునో రాష్ట్రం పేరున్న ఇత్తడి పలక ఊడదీస్తున్నాడు. రేపు పొద్దున కొత్తది బిగించాలట. నిచ్చెన కింద నేల ఏటవాలుగా ఉంది. వెళ్ళి పట్టుకున్నాను. వద్దు అనలేదు.

రెండు మరలు వచ్చాయి. మూడోది తుప్పు పట్టి తిరగలేదు. దాని మీద నూనె వేసి, అది నానేదాకా అక్కడే, పైనే నించుని, గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మా ఇంటి మేడ మీద కిటికీ సరస్సు వైపుంటుంది. వెలుతురు బాగా పడుతుంది. పాటల పుస్తకం అక్షరాలు చిన్నవి కదా. చదివేవాళ్ళకి, అంటే ఎవరైనా చదివేవాళ్ళుంటే, అక్కడైతే అద్దాలు అక్కర్లేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. బుధవారాలకి కూడా మా హాలు కొంచెం పెద్దదే. ఇక చలికాలం వస్తే..."

"సరే," అన్నాను.

కిందికి చూశాడు. "ఏం సరే?"

"చేసుకుంటాను. నిన్ను."

రోడ్డు అవతల ఒక సైకిలు వెళ్ళింది. తవునో చేతిలో ఊడదీసిన మర ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాడు. సంతోషించాడనే అనుకుంటాను, కానీ ముందు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నేనింకా అక్కడిదాకా రాలేదు, తువోవినెన్," అన్నాడు. "ఇంకా మూడు మాటలున్నాయి. ఏప్రిల్ నుంచి తయారు చేసుకున్నాను."

"అయితే చెప్పు."

చెప్పాడు. నేను నిచ్చెన పట్టుకుని మూడూ విన్నాను. కట్టెల కొట్టం గురించి ఒకటి, వాళ్ళమ్మ కాఫీ పాత్ర గురించి ఒకటి, జనవరిలో వాకిట్లో మంచు ఎవరు ఎత్తిపోస్తారన్న దాని గురించి ఒకటి. పెళ్ళి అన్న మాట వాటిలోనూ లేదు.